గడియ పెట్టిన మేకప్ రూము

"ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. తింటాడో లేదో అడుగు," అంది ఆండాళమ్మ.

"మీ అబ్బాయే కదా అత్తయ్యా, మీరే అడగండి," అంది అరసి వంటింట్లోంచి.

"నేనడిగితే పలకడం లేదు."

"నేనడిగితే మాత్రం పలుకుతున్నారా?"

ముందు గదిలో వేదగిరి కట్టేసిన టీవీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అమ్మా పెళ్ళామూ తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలుసు. తెలిసి కూడా, పక్కింటివాళ్ళ గొడవ వింటున్నట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

సినిమా మేకప్ సంఘం వాళ్ళు వేదగిరి పెట్టె పట్టుకుపోయిన దగ్గర్నుంచి మద్రాసు సాలిగ్రామంలోని ఆ మేడమీద ఇంట్లో ఇదే వరస. దేవుడి గూటి కింద పెట్టె ఉండే పీట ఖాళీగా ఉంది. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, ఆండాళమ్మ పొద్దున మురుగన్‌కి హారతిచ్చి, ఆ చేత్తోనే ఖాళీ పీటకు కూడా ఇచ్చేసింది. ఇచ్చాక తెలిసింది. తెలిశాక ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

పెట్టెతో పాటు అరసి కార్డు కూడా పోయింది. ఆమెది జుట్టు కార్డు. సంఘంలో ఆడవాళ్ళకు ఆ కార్డు ఒక్కటే ఇస్తారు. జడలు వెయ్యొచ్చు, సవరాలు కట్టొచ్చు, పూలు తురమొచ్చు. చెవి దాటి చెంప మీదికి చెయ్యి రాకూడదు. ముఖానికి రంగు వేసే కార్డు మగవాళ్ళది, ఆ ఇంట్లో అది వేదగిరిది. కానీ హేమాంగి అనే పుణె హీరోయిన్ ముఖానికి నాలుగేళ్ళుగా రంగు వేస్తున్నది మాత్రం అరసి. వేదగిరి నుదుటి మీద మొదటి చుక్క పెట్టేవాడు, మేకప్ రూముకి లోపలినుంచి గడియ పెట్టేవాడు, మూల స్టూలు మీద కూర్చునేవాడు. మిగతాదంతా అరసి చేసేది.

ఆ రోజు తలుపు తట్టింది టిఫిను కుర్రాడనుకుని ఆమె గడియ తీసింది. ఎదురుగా సంఘం సెక్రటరీ చొక్కలింగం, వెనక ఇంకో ఇద్దరు. ఆమె చేతిలో స్పాంజి. కుర్చీలో హేమాంగి, ఒక చెంప హీరోయిన్‌ది, రెండో చెంప ఇంటి దగ్గర్నుంచి వచ్చినది. తప్పించుకోవడానికి దారే లేదు.

"ఏంటన్నా ఇది?" అని చొక్కలింగం వేదగిరిని అడిగాడు.

వేదగిరి చేతిలో పేపరు ఉంది. దాన్ని మడిచాడు. మళ్ళీ మడిచాడు.

పెట్టె పోయినందుకు కాదు, కార్డు పోయినందుకూ కాదు, ఆ పేపరు మడిచినందుకే అరసికి ఇంకా మంటగా ఉంది. 'బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేలోపు స్పాంజి పట్టుకోమన్నాను' అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే చాలు. అంతమాత్రం అబద్ధానికి కూడా తను తగనిదైపోయిందా?

ఫోను మోగింది. ఎవరూ లేవలేదు. చివరికి ఆండాళమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి ఎత్తింది.

"నీకే. ఆ పుణె పిల్ల. ఏడుస్తోంది," అంటూ రిసీవరు అందించింది.

"అక్కా," అంది హేమాంగి అవతలనుంచి. వచ్చిన నాలుగు ముక్కల తమిళంతోనే ఆ పిల్ల అందర్నీ జయించుకొచ్చింది. "నేను ఏడ్చింది. నిన్న కూడా ఏడ్చింది. ఒక మామ వచ్చాడు, సంఘం పంపించింది. చేతులు బీడీ వాసన. నేను కూర్చోదు అని చెప్పింది."

"ఏడవకమ్మా. కళ్ళు ఉబ్బుతాయి."

"ఉబ్బనీ. నువ్వు రాదు కదా, ఎవరు చూస్తారు? రేపు పొద్దున పాట షూటింగ్ అక్కా. నువ్వు రాదు అంటే నాకు జ్వరం. నూట మూడు."

"జ్వరం గిరం వద్దు. మేనేజరు గుండాగి చస్తాడు. ఆయన వస్తారులే," అని అరసి ముందు గది వైపు చూసింది. "సార్ వస్తారు."

"సార్ ఒక్కరేనా?" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి.

ఆ అడగడంలో భయం ఉంది. అరసికి అది వినబడింది, వినబడనట్టే ఊరుకుంది. "చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి కళ్ళ మీద వేసుకుని పడుకో," అని చెప్పి పెట్టేసింది.

"ఏమంటోంది?" వేదగిరి నోరు విప్పాడు. పొద్దుట్నుంచీ అదే మొదటి మాట.

"జ్వరం తెచ్చుకుంటానంటోంది."

"నా గురించి ఏమంటోంది?"

"ఏమీ అనలేదు."

అతను మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

కింద స్కూటరు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు ఎవరివో ముగ్గురికీ తెలుసు. చొక్కలింగం ఒకప్పుడు వేదగిరి పెట్టె మోసినవాడు. ఈ ఇంటి అన్నం తిని, ఈ ఇంటి వరండాలో పడుకుని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అంచు పంచె కట్టి, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని సంఘానికి సెక్రటరీ అయ్యాడు. చెప్పులు మాత్రం ఇప్పటికీ కింద మెట్టు దగ్గరే విప్పి వస్తాడు.

"రావయ్యా సెక్రటరీ!" అంది ఆండాళమ్మ. "పట్టుకుపోవడానికి ఇంకేమైనా మిగిలిందేమోనని వచ్చావా? గ్రైండరుంది. బరువు, ఇద్దర్ని తెచ్చుకోవాల్సింది."

"మీరు కూడా ఇలా అంటే ఎలాగమ్మా?"

"ఎలా అనాలి? నా కాలంలో మహారాజుల సభలో వింజామర విసిరినదాన్ని నేను. పది సినిమాల్లో విసిరాను. ఏ రాజూ నా ఇంటికి వచ్చి నా వింజామర పట్టుకుపోలేదు."

చొక్కలింగం నవ్వబోయి మానుకున్నాడు. కుర్చీ చూపించకపోయినా కూర్చున్నాడు. కాఫీ ఇవ్వకపోయినా అడగలేదు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు, కళ్ళ కింద చారలు కూడా వచ్చాయి. అవి కప్పడానికి ఏ రంగు వాడాలో అరసి చెయ్యి దానంతటదే లెక్క వేసుకుంది. ఛీ, ఇదేం బుద్ధి, అని తనను తనే విసుక్కుంది.

"అన్నా, అందరితోనూ మాట్లాడి ఒక దారికి తెచ్చాను," అన్నాడు చొక్కలింగం. "రేపు పొద్దున కమిటీ. షూటింగుకి ముందే అయిపోతుంది. వదిన వచ్చి ఒక్క మాట చెబితే చాలు. వదిన కార్డు వదినకి, నీ పెట్టె నీకు. ఎవరికీ నష్టం లేదు."

"ఏ మాట?" అంది అరసి.

అతను ఆమెను కాకుండా గోడను చూస్తూ చెప్పాడు. "నాకు మేకప్ పని తెలియదు, తెలియక చెయ్యి పెట్టాను, ఇకమీదట ఎవరి ముఖమూ ముట్టుకోను. అంతే."

"అంతే?"

"అంతే వదినా."

"ఊళ్ళో గోడలనిండా ఆ పిల్ల ముఖమే అంటించి ఉంది. బస్సుల మీద ఉంది. అది ఎవరి పనో నీకు తెలీదూ?"

"తెలుసు. లైట్‌బాయ్ దగ్గర్నుంచి ప్రొడ్యూసరు దాకా అందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉన్నాం కదా ఇన్నాళ్ళూ. అన్న మొహం చూసి ఊరుకున్నాం."

"మరిప్పుడెందుకు తెలిసొచ్చింది? ఎవడు చెప్పాడు నీకు?"

"అది వదిలెయ్యండి."

"ఎందుకు వదిలెయ్యాలి? ఈ చేత్తో వడ్డించిన అన్నం తిన్నావు. నీకు పచ్చకామెర్లొస్తే పథ్యం వండి పెట్టాను. ఎవడో కడుపుమంటగాడు వచ్చి నా మీద నాలుగు ముక్కలు చెప్పగానే నా తలుపు బద్దలు కొట్టడానికి వచ్చావు కదా. ఆ మాట చెప్పినవాడు నీకు నాకంటే ఎక్కువయ్యాడా? వాడి నోరు పడిపోను!"

"వదినా, శాపాలు పెట్టొద్దు," అన్నాడు చొక్కలింగం. వేదగిరి వైపు తిరిగాడు. "అన్నా, నేను పడ్డది చాలు. నువ్వే చెప్పు."

వేదగిరి పంచె మీద కనబడని మరకేదో గోటితో గీకుతున్నాడు.

"చెప్పన్నా!"

వంటింట్లో పంపు బొట్టుబొట్టుగా కారుతున్న చప్పుడు ముందు గదిలోకి వినబడింది.

"అన్నే ఫోన్ చేశాడు," అన్నాడు చొక్కలింగం నేల చూస్తూ. "మొదటిసారి కోపంలో అంటున్నాడనుకుని పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేశాడు. రాకపోతే కమిటీకే చెబుతానన్నాడు. నేనేం చెయ్యను వదినా? సభ్యుడు చెప్పాక సెక్రటరీ వెళ్ళకపోతే ఎలా?"

చెప్పేసి అతను లేచాడు. "పెట్టె స్కూటరు మీదే ఉంది. తెచ్చి ఇచ్చేసి పోతాను," అని, తప్పించుకుపోయేవాడిలా గబగబా మెట్లు దిగాడు.

అరసి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. రోజంతా ఎండలో అవుట్‌డోర్ చేసి వచ్చాక కాళ్ళు ఎలా లాగుతాయో, అలా ఒళ్ళంతా లాగింది.

"నువ్వేనట్రా?" అంది ఆండాళమ్మ.

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకోను. ఇంట్లో ఆడదాన్ని సంఘానికి పట్టించి ఇక్కడ మూగనోము పట్టావా? మీ నాన్న తాగుబోతే. కానీ నన్ను ఎప్పుడూ ఎవరికీ పట్టించలేదు."

"మీరు లోపలికెళ్ళండి అత్తయ్యా," అంది అరసి. ఆండాళమ్మ వెళ్ళలేదు, కానీ ఊరుకుంది. ఆమె ఊరుకోవడం ఆ ఇంట్లో చాలా పెద్ద సంగతి.

"ఎందుకు?" అని అడిగింది అరసి.

"నీకు తెలుసు."

"తెలిస్తే అడగను."

"పూజ రోజు ఆ పిల్ల ఏం చేసింది?"

అరసికి అప్పుడు తెలిసింది. కొత్త సినిమా మొదలుపెట్టే రోజు, ఆర్టిస్టు ఎంతటివాళ్ళయినా సరే, వంగి మేకప్‌మ్యాన్ కాళ్ళకు దణ్ణం పెడతారు. అతను దేవుణ్ణి తలుచుకుని నుదుటి మీద మొదటి చుక్క పెడతాడు. ఆ తరవాతే కెమెరా. వేదగిరి కాళ్ళకు కోట్లు తీసుకునే హీరోలు వంగారు, ముఖ్యమంత్రి పదవికి నిలబడ్డ హీరో ఒకడు వంగాడు. పోయిన నెల పూజలో అతను వేలి మీద రంగు పెట్టుకుని నిలబడితే, హేమాంగి గబగబా వచ్చి, అతన్ని దాటి, వెనక దువ్వెన పట్టుకుని నిలబడ్డ అరసి కాళ్ళ మీద పడింది.

"చిన్నపిల్ల. మన పద్ధతులు తెలీవు," అంది అరసి.

"మొదటి మూడు సినిమాలకీ తెలిసినవే. ఆ రోజు మాత్రం తెలియలేదు. కెమెరామ్యాన్ నవ్వాడు. నాకు వినబడింది. నా వేలి మీద రంగు అలాగే ఆరిపోయింది."

"అందులో నా తప్పేముంది?"

"నువ్వు వెనక్కి జరగలేదు. 'సార్‌కి పెట్టమ్మా' అనలేదు. దాని నెత్తి మీద చెయ్యి పెట్టావు."

పెట్టింది. ఆ క్షణం ఆమెకు బాగా గుర్తుంది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. సిగ్గేసింది, భయమేసింది, వాటన్నిటికంటే ఎక్కువ సంతోషమేసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ తన కాళ్ళకు ఎవరూ వంగలేదు. ఆ సంతోషం మొగుడికి కనబడుతుందని ఆమె అనుకోలేదు.

"పెట్టాను," అంది. "దాని ముఖం నా చేతుల్లో పెరిగింది. పెట్టాను."

"అయితే నేనెవర్ని? మూల స్టూలు మీద కూర్చున్న బొమ్మనా? మీ ఇద్దరికీ కాపలావాణ్ణా?"

"ఎవరు కూర్చోమన్నారు ఆ స్టూలు మీద? చెయ్యి లాగుతోంది, ఇవాళ్టికి నువ్వు కానిచ్చెయ్యి అని మొదట అన్నది ఎవరు? ఇవాళ్టికి, ఇవాళ్టికి అంటూ నాలుగేళ్ళు కానిచ్చింది ఎవరు?"

"నిన్ను కాస్త బెదిరిస్తారనుకున్నాను. వాడు కార్డు పట్టుకుపోతాడనుకోలేదు." వేదగిరి లేచాడు. "ఏమైందిప్పుడు? రేపు నేనే చేస్తాను. నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ చేస్తున్న పని ఇది. నువ్వు నేర్చుకున్నది కూడా నా దగ్గరే."

"చెయ్యండి."

"చేస్తాను."

అలమారలో హేమాంగి కోసం అరసి ఇంట్లో కలిపిన రంగులు చిన్న సీసాల్లో ఉన్నాయి. కంపెనీ డబ్బాల్లో రంగులు ఆ పిల్ల ఒంటికి సరిపడవు. సీసాల మీద పేర్లేమీ లేవు, అవసరం ఎప్పుడూ రాలేదు. వేదగిరి రెండు సీసాలు తీసి మూతలు విప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒకదానిలోది కొంచెం ఎడంచేతి వెనక రాశాడు, రెండోదానిలోది దాని పక్కన రాశాడు. చెయ్యి దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

అరసి కూర్చున్న చోటినుంచే చూస్తోంది. గంధానికీ ఇటుకపొడికీ ఉన్నంత తేడా ఉంది రెండింటికీ. ఒకటి ముఖానికి, రెండోది దెబ్బ తగిలిన గుర్తులు వెయ్యడానికి.

అతను చాలాసేపు చూశాడు. తరవాత రెండు సీసాలూ ఆమె వైపు చాచాడు.

"ఆ పిల్లకి ముఖానికి వేసేది ఇందులో ఏది?" అన్నాడు, ఏదో మర్చిపోయినవాడిలా, తేలిగ్గా.

"నాకేం తెలుసు?" అంది అరసి. "నాకు మేకప్ పని తెలియదని రేపు చెప్పాలి కదా. ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకుంటున్నాను."

"అరసీ."

"నేను జడలు వేసుకునే దాన్ని. నన్నడక్కండి."

"చెప్పవే తల్లీ," అంది ఆండాళమ్మ మెల్లగా. "చెప్పెయ్యి."

అరసి చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, కుడిచేతిలోది అని ఒక్క ముక్క. పళ్ళు బిగించి ఆపుకుంది. తన జీవితంలో మొగుడికి ఒక మాట చెప్పకుండా దాచుకోవడం అదే మొదటిసారి. అందులో ఏదో సుఖం ఉంటుందనుకుంది, కానీ ఏమీ లేదు.

వేదగిరి కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

"కనబడటం లేదు అరసీ," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"రెండూ మట్టిరంగులోనే ఉన్నాయి. చాలా రోజుల్నుంచీ అంతే. అన్నీ అలాగే ఉన్నాయి. నీ చీర ఏ రంగో కూడా తెలియడం లేదు."

ఈ మాట కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. లైట్లు సరిగ్గా వెయ్యడం లేదు, అన్నాడు. కంపెనీవాడు రంగు మార్చేశాడు, అన్నాడు. షుగరు, తగ్గితే అదే సర్దుకుంటుంది, అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళదామంటే, కంటికి కట్టు కట్టుకున్న మేకప్‌మ్యాన్‌ని ఎవడు పిలుస్తాడే, అని అరిచాడు. ఇది తప్ప అన్నీ అన్నాడు. ఇప్పుడు అన్నాడు. ఆమెకు జాలిపడే ఓపిక కూడా లేకపోయింది, అయినా జాలేసింది. లేచి వెళ్ళి, ఎడమచేతిలోని సీసా తీసుకుని మూత పెట్టింది.

"ఇది దెబ్బలకి," అంది. "ఆ చేతిలోది ముఖానికి."

గుమ్మం దగ్గర ఏదో కదిలింది.

చొక్కలింగం పెట్టెను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు, పూర్వం మోసినట్టే. ఉత్త కాళ్ళతో మెట్లెక్కి వచ్చాడు కనక చప్పుడు కాలేదు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. అతని మొహం చూస్తే మాత్రం ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలిసిపోతోంది.

"ఎప్పట్నుంచన్నా?" అన్నాడు.

వేదగిరి తల వంచుకున్నాడు.

"రేపు పొద్దున ఆ పిల్ల ముఖం నీకు అప్పగిస్తూ నేను సంతకం పెట్టాలి," అన్నాడు చొక్కలింగం. "కళ్ళ లోపల కూడా గీత గీసే పని అన్నా ఇది. పుల్ల పట్టుకుని కంటి దగ్గరికి వెళ్ళాలి. నేనెలా పెట్టను?"

"చొక్కూ," అంది అరసి. అతన్ని అలా పిలిచి చాలా కాలమైంది. "రేపు వస్తాను. కమిటీలో నువ్వు చెప్పమన్న మాట ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు మేకప్ తెలీదంటాను. ఇక జన్మలో ఎవరి ముఖమూ ముట్టుకోను. సరేనా? నువ్వేమీ వినలేదు. ఆ పెట్టె కింద పెట్టి వెళ్ళు."

ఆండాళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేదగిరి చేతిలో సీసా అలాగే ఉంది.

"విన్నాను వదినా," అన్నాడు చొక్కలింగం.

పెట్టె మాత్రం కింద పెట్టలేదు.